నిజాంసాగర్‌కు పడవ తోలుకుపోయిన రోజు

మొన్న మనవడి కారులో బాల్కొండ మీదుగా శ్రీరాంసాగర్ చూడబోయినప్పుడు, నీళ్ల ఒడ్డున ఒక వింత బండి కనబడితే కారు ఆపమన్నాను. ముందు జీపు, దాని వెనుక కిటికీలకు తెరలు కట్టిన ఇల్లులాంటి బండి, దాని వెనుక ఇంకో చిన్న ట్రాలీ, ఆ ట్రాలీ మీద తళతళలాడే తెల్లని పడవ. మనవడు ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటుంటే నాకు మాత్రం నవ్వు ఆగలేదు, ఎందుకంటే ఇట్లాంటి ఊరేగింపు మా ఇంట్లో ఎన్నడో అయిపోయింది.

మా బోధన్ వైపు నా వయసు వాళ్లకు చెరుకు సీజను సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కో ట్రాక్టరుకు రెండేసి ట్రాలీలు తగిలించి, రోడ్డంతా తమదే అన్నట్టు చక్కెర ఫ్యాక్టరీకి పోయేవారు. రుద్రూర్ దగ్గర ఒక ఆసామి ట్రాక్టరు నడిపే మా అన్న అందులో మొనగాడినని మీసం దువ్వేవాడు. మా చిన్నమ్మ భర్త, అంటే మా చిన్నబాపు, నిజాంసాగర్ ఒడ్డున చేపలు పట్టేవాడు. ఆయన పాత పడవ పుచ్చిపోతే, చిన్నమ్మ ఏడాదంతా బీడీలు చుట్టి కూడబెట్టి, బోధన్‌లో వడ్లాయనతో, అంటే వడ్రంగితో, కొత్తది చేయించింది. ఆ ఏడు వలలు వేయడం మొదలయ్యే ముందురోజు, పొద్దు గూకేలోగా పడవ నీళ్లలో ఉన్నవాళ్లకే చేపల్లో వాటా అని బెస్తల సంఘం పెద్దలు చెప్పేశారు. పడవ చేరకపోతే ఆ ఇంట్లో ఏడాదంతా పస్తులే.

"నేనున్న గద చిన్నబాపూ, రెండు ట్రాలీలు నాకు కొత్తనా?" అన్నాడు అన్న.

ముందు ట్రాలీకి తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పు వేసి, అందులో గిన్నెలు, బియ్యం, పొయ్యి రాళ్లతో సహా మా ఆడవాళ్లందరినీ ఎక్కించాడు. వెనుక ట్రాలీలో పడవను తాళ్లతో కట్టాడు. దారిపొడుగునా మా అవ్వ వెనక్కి తిరిగి, కొత్త కోడలిని తీసుకుపోతున్నట్టు ఆ పడవతో ముచ్చట పెడుతూనే ఉంది. కాలువ గట్ల వెంట పచ్చని చెరుకు, మా పాటలు, మధ్యాహ్నం చెట్టుకింద వంట, ఆ సంబరంలో ఎంత ఆలస్యమైందో ఎవరికీ తెలియలేదు.

అసలు పొరపాటు ఒడ్డు దగ్గర జరిగింది. ఫ్యాక్టరీలో ఒక గేటున పోయి, చెరుకు దించి, ఇంకో గేటున బయటికి రావడమే కాబట్టి, పదేళ్లుగా రెండు ట్రాలీలు లాగిన మా అన్నకు వాటిని వెనక్కి నడపవలసిన అవసరం ఎన్నడూ పడలేదు. అలవాటు కొద్దీ నేరుగా నీళ్లదాకా దించేశాడు. ట్రాక్టరు ముందు చక్రాలు నీళ్లలో, మా ట్రాలీ మధ్యలో, పడవ పైన గట్టు మీద. నీళ్లకు రెండో గేటు ఎక్కడుంటుంది? వెనక్కి తిప్పబోతే ఒక ట్రాలీ ఇటు, ఇంకోటి అటు వంకర తిరిగాయి. ఇరుపక్కలా బురద. పొద్దు చూస్తే నీళ్లను తాకబోతోంది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తుంటే, అన్న స్టీరింగు మీద తల పెట్టుకొని కూర్చుండిపోయాడు. వాడినట్లా చూడడం నాకదే మొదటిసారి.

"ఏందిరా గట్ల కూసున్నవ్? మేం మనుషులం గామా? దిగుండ్రే అందరు!" అని అవ్వ గద్దించింది.

అందరం దిగాం. తాళ్లు విప్పి, ఒడ్డున బట్టలుతికే వాళ్లు, గొర్ల కాపరులు, తోవన పోయేవాళ్లు కూడా వచ్చి భుజం పట్టగా, పడవను ఎత్తి, మా ట్రాలీ పక్కనుంచి, ట్రాక్టరు పక్కనుంచి, మోకాలిలోతు బురదలో నీళ్లదాకా మోసుకుపోయాం. అది తేలేసరికి సూర్యుడు సగమే మిగిలాడు. చిన్నబాపు పడవకు పసుపు కుంకుమ పెట్టి, అందరికంటే ముందు మా అన్ననే చెయ్యి పట్టి పడవ ఎక్కించాడు. అన్న ముఖం నీళ్లవైపు తిప్పుకొని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఎండాకాలమంతా కోసేసిన చెరుకు మళ్లలో రెండు ట్రాలీలతో వెనక్కి నడపడం సాధన చేశాడని, మేము వాడిని ఎంత ఏడిపించామో! నేర్చుకున్నాడు కూడా. కానీ ఆ విద్య చూపించే అవసరం మళ్లీ రానేలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ పొగ లేదు, చెరుకు వాసన లేదు, అవ్వా చిన్నబాపూ లేరు. అన్న మోకాళ్ల నొప్పులతో మంచం దిగడమే గగనం.

మొన్న ఒడ్డున జీపాయన ఒక్కడే దిగి, చిన్న ట్రాలీని విప్పి, జీపుకు తగిలించి, గడియలో పడవను నీళ్లలోకి దించేశాడు. తెరల వెనుక ఉన్నవాళ్లు తలుపైనా తీయలేదు. ఇంటికి రాగానే అన్నకు ఫోన్ చేసి అంతా చెబితే, శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు.

"ఎందరు పట్టిండ్రే?"

"ఎవ్వరు పట్టలేదన్నా. ఒక్కడే."

"అయ్యో పాపం" అన్నాడు అన్న.

నాకూ అదే అనిపించింది. ఆ సాయంత్రం మోసిన పడవ బరువు ఇప్పటికీ నా కుడిభుజానికి గుర్తుంది, ఆ భుజం పక్కన ఆనుకున్న భుజాలు ఎవరెవరివో కూడా గుర్తుంది.