ఆఖరి కాయితాలు లేని నవల

సువర్ణకు నవలల పిచ్చి. భద్రాచలంలో తుల్సీరాం కిరాయి పుస్తకాల కొట్టు ఇక మూతపడుతుందని అందరూ అంటున్న రోజుల్లోనూ వారానికి రెండు తెచ్చుకునేది. ఒకటి ప్రేమ, ఒకటి హత్య. ఆమె వాగు అవతలి గూడేలకు నర్సమ్మ. బస్సులో చదివినదంతా బుధవారం సూదుల రోజున ఆడవాళ్లకు చెప్పేది. సూది అంటే పారిపోయే వాళ్లు కథ అనగానే పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు.

వాళ్లలో నాగక్కకు ప్రేమ నవలలు బొత్తిగా గిట్టవు. "పిల్లకు వాడంటే ఇష్టం, వాడికి పిల్లంటే ఇష్టం. ఇంక ఏడుపెందుకు? పోయి వాడింట్ల కూసుంటే పెద్దమనుషులే మాట్లాడుతరు కద," అనేది. తన పెళ్లి తాను అట్లాగే చేసుకుంది మరి. ఆ నవలకు కళ్లు వాచేలా ఏడ్చిన సువర్ణ మాట మార్చి బీపీ మిషన్ సర్దుకునేది. హత్యలైతే మాత్రం నాగక్క ముందుకు జరిగి కూర్చునేది. "చచ్చినోడు ఆ పూట ఎవరింట్ల తిన్నడో పోలీసోళ్లు అడగరేంది?" అనేది. సువర్ణకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు.

ఆ వానాకాలానికి నాగక్కకు నెలలు నిండాయి. ముందటి కాన్పు ఇంట్లోనే అయి బిడ్డ దక్కలేదు. ఈసారి ఒంట్లో రక్తం తక్కువ. అయినా దవాఖానాకు ససేమిరా రానంది. "ఆడ నాకు తెలిసినోళ్లు ఎవరున్నరు?" అంది. వాగు పొంగితే దారి ఉండదు. సువర్ణకు భయం పట్టుకుంది. ఆ బుధవారం కొత్త హత్య నవల మొదలుపెట్టి, అందులో ఎస్టేటు యజమాని శవం దొరికిన చోట కథ ఆపేసి, "చంపిందెవరో దవాఖానాలనే చెప్త. నువ్వొచ్చి మంచమెక్కినంకనే," అంది.

చెప్పడానికి ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఆ పుస్తకానికి చివరి పేజీలే లేవు. నాగక్క దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చదవడం రాదు. తిరిగి ఇచ్చేసింది.

ఆదివారం నాగక్క తన భర్త బొజ్జయ్యను వెంటేసుకుని వాగు దాటి దవాఖానాకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది.

తెల్లారి నాగక్క పిల్లకు పాలిస్తూ, "ఇగ చెప్పు నర్సమ్మా. ఎవలు చంపిండ్రు?" అంది.

సువర్ణ ఒక ముగింపు అల్లుకునే వచ్చింది. తీరా ఆ మొహం చూశాక అబద్ధం నోటికి రాలేదు. "నాకు తెల్వదు నాగక్కా. ఆఖరి కాయితాలు లేవు," అంది తల వంచుకుని.

"నాకెరుకే. ఆ దినమే చూసిన. ఎనక అట్ట లేదు, దారాలు తేలినయ్."

"ఎరుకుండి ఎందుకొచ్చినవ్ మరి?"

"గంత అబద్ధమాడి పిలిచినదానివి, నన్ను ఒక్కదాన్నే ఇడిసి పోవనుకున్న."

నాగక్క పిల్లతో సహా పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది.

"కూసో. శవం దొరికిన కాడ్నుంచి మళ్ల చెప్పు. వాణ్ని మనమే పట్టుకుందాం."