ఐరిస్ సొరుగులో నెల్లూరు అభ్రకం

ఈ ఉదయం కాఫీ గ్లాసు కడుగుతుంటే వేళ్ళ చివర ఏదో మెరిసింది. సబ్బు నురగ పోయినా మెరుపు పోలేదు. ప్రపంచానికి దక్షిణపు కొసన ఉన్న ఈ ఇన్వర్‌కార్గిల్ చలికాలపు ఎండ, ఎండ అని పిలవడానికి మొహమాటపడాల్సిన ఎండ, కిటికీలోంచి ఏటవాలుగా సింకు మీద పడుతోంది. వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. సన్నటి పొలుసులు. నిన్న సాయంత్రం అట్టపెట్టె తెరిచి అభ్రకం ముక్కను చేతిలోకి తీసుకున్నాను, దాని తాలూకు. మా వైపు దాన్ని కాకిబంగారం అంటారు. ముట్టుకుంటే చాలు, తనలో కొంత మన వెంట పంపిస్తుంది. ఆ పెట్టెకు ఒక వాసన కూడా ఉంది. పాత అట్ట, చెక్కసొరుగు, కొంచెం లావెండర్ కలిసిన వాసన. అది ఐరిస్ అనే పెద్దావిడ ఇంటి వాసన. ఆమె పోయింది, ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు, వాసన మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

ఈ వీధిలో అందరూ నన్ను రాళ్ళాయన అంటారు. అందరూ అన్నాను గాని, అన్నది పోస్ట్‌మన్ ఒక్కడే, అదీ ఒకసారి, పార్సెల్ బరువుగా ఉందని విసుక్కుంటూ. ఉన్నదాన్ని ఊది చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అందులోంచి గాలి కూడా నేనే తీసేస్తాను, కాస్త ఆలస్యంగా. ఐరిస్ గురించి రాసేటప్పుడు ఆ ఆలస్యం చెయ్యకూడదని కూర్చున్నాను. ఈ పేరా మొదట్లోనే ఎంత నిగ్రహం చూపించానో మీరే చూశారు.

రెండువేల పదమూడులో మా అమ్మాయి సుజాత నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. తను ఈ ఊరి పాలిటెక్నిక్‌లో చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో సెటిల్ అయింది. పొద్దున్నే తనూ అల్లుడూ చెరో కారులో వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, ఇల్లు వెచ్చగా ఉంచే హీట్ పంపూ మిగిలేవాళ్ళం. హీట్ పంప్ అయినా అప్పుడప్పుడూ గుర్రుమనేది. నాకు ఆ అవకాశం కూడా లేదు. కిటికీలోంచి చూస్తే వీధి చివరిదాకా గడ్డి, కంచెలు, మూసిన తలుపులు. గూడూరులో ఎలెక్ట్రిసిటీ ఆఫీసు గుమాస్తాగా రోజంతా జనం తిట్లు విన్నవాణ్ణి. తిట్టేవాళ్ళు లేక కూడా మనిషి చిక్కిపోతాడని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మూల మీద ఉన్న చిల్లరకొట్టు దాకా, ఇక్కడ దాన్ని డెయిరీ అంటారు, నడిచి వెళ్ళి, ‘గుడ్ మార్నింగ్’ అనే మాట ఒకటి అని, అనిపించుకుని, ఊరికే రావడం బాగుండదని పాలు కొనుక్కొచ్చేవాణ్ణి.

“ఏంది నాన్నా, మళ్ళీ పాలా?” అనేది సుజాత ఫ్రిజ్ తెరిచి. “మనం ఏమన్నా టీ కొట్టు పెడుతున్నామా?”

ఐరిస్‌ను నేను తుఫానులో కాపాడాను. వెల్లింగ్టన్ పక్కన జాన్సన్‌విల్‌లో ఉండే మా బంధువులకు ఫోన్‌లో అలాగే చెప్పాను. గాలికి కొట్టుకుపోతున్న ముసలావిడను రెక్క పట్టుకుని ఇంటికి చేర్చానని. నిజానికి గాలికి కొట్టుకుపోయింది ఆవిడ చెత్త డబ్బా. దక్షిణపు గాలి వీచిన రోజు ఈ ఊళ్ళో చెత్త డబ్బాలన్నీ షికారు బయలుదేరుతాయి. దాన్ని లాక్కెళ్ళి గుమ్మం ముందు నిలబెడితే తలుపు తెరుచుకుంది. తెల్లటి జుట్టు, మగవాళ్ళ స్వెటరు, నాకంటే పదేళ్ళయినా పెద్ద.

“పేరు?” అంది.

“రమణయ్య.”

“రమణ,” అంది. ఇక్కడి పాతకాలం వాళ్ళు ‘ర’ను నాలుక కొట్టి గట్టిగా పలుకుతారు. ఈ దేశంలో నా పేరు నా పేరులా వినిపించడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో నువ్వు, మీరు రెండూ ఒకటే అంటారు. ఆవిడ నోట నాకు మాత్రం మొదటి మాట నుంచీ ‘నువ్వు’ అనే వినిపించింది, మా పెద్దమ్మ పిలిచినట్టు.

లోపల రొట్టెలో చీజ్ చుట్టి కాల్చిన వేడివేడి చీజ్ రోల్ పెట్టింది. తింటుంటే చూశాను, గోడల నిండా సన్నటి సొరుగుల బీరువాలు. ఒకటి లాగింది. ఒక్కో అట్టగడిలో ఒక్కో రాయి, దాని కింద కాగితం చీటీలు. విదేశాల్లో పాత మ్యూజియాలు మూసేసినప్పుడు, ఒకే రకంవి రెండున్న రాళ్ళలో ఒకదాన్ని మార్పిడికి ఇచ్చేసినప్పుడు, బయటికొచ్చిన ముక్కల్ని ఆవిడ ఉత్తరాలు రాసి రాసి సంపాదించింది. బ్లఫ్ రేవులో టైపిస్టు ఉద్యోగం, సెలవుల్లో ఇదీ. ఆ రాళ్ళకు ఒక మర్యాద ఉంది. రాయి మీద మ్యూజియం వాళ్ళు ఓ మూల తెల్లరంగు వేసి నల్లసిరాతో రాసిన అంకెను చెరపకూడదు. మ్యూజియం చీటీ, తర్వాత అమ్మినవాడి చీటీ, ఆ తర్వాత కొన్నవాడి చీటీ, ఒక్కటీ పారెయ్యకూడదు. రాయి ఎవరి చేతికొస్తే వాళ్ళు తమకు తెలిసింది తమ చేతిరాతతో రాసి అడుగున చేర్చాలి.

“ఈ చీటీలు పోయాయనుకో,” అంది ఐరిస్, “ఇది తోటలో వేసుకునే రాయి.”

“తర్వాత ఎవరు చూసుకుంటారు ఇవన్నీ?” అన్నాను.

“క్రైస్ట్‌చర్చ్‌లో మేనల్లుడున్నాడు. మంచి పిల్లవాడు. చాలా పద్ధతైనవాడు. రాళ్ళన్నీ ఒక బకెట్‌లో, చీటీలన్నీ ఒక కవర్‌లో వేసి నీట్‌గా సర్దుతాడు.” సొరుగు లోపలికి తోసి అంది, “ఆ నీట్‌నెస్ తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.”

ఆ రోజు నుంచి డెయిరీకి వెళ్ళడం తగ్గింది. నేను సొరుగులు లాగేవాణ్ణి, ఆవిడ చెప్పేది. గనుల గురించి నాకు తెలియనిది లేదన్నట్టు తలాడించేవాణ్ణి. ఆ తలాడించడం ఒకరోజు కొంప ముంచింది. ఆవిడ టీ కాచడానికి వెళ్ళినప్పుడు ఒక లేత గులాబీరంగు రాయి దుమ్ము పట్టి కనిపించింది. మా ఇళ్ళల్లో దుమ్ము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. బాత్రూములోకి తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టాను. భలే శుభ్రమవుతోంది. శుభ్రమవుతూ మూల అరిగిపోతోంది. వేలు నాలుకకు ఆనించి చూసుకుంటే ఉప్పు. యూరప్‌లో ఏదో పాత ఉప్పుగనిలోంచి వచ్చి, ఒక మ్యూజియంలో నిక్షేపంగా ఉండి, సముద్రాలు దాటొచ్చిన ఉప్పురాయిని నేను చారులో వేసినట్టు కరిగిస్తున్నాను.

ఐరిస్ అరవలేదు. రాయిని తువ్వాలులో అద్ది, అంకె ఉందో లేదో చూసుకుని, కుర్చీలో కూర్చుంది. తర్వాత తన చీటీ తీసి పెన్నుతో నెమ్మదిగా రాసింది. ‘ఇన్వర్‌కార్గిల్. నీళ్ళ వల్ల ఒక మూల పోయింది. చేసినది రమణయ్య, స్నేహితుడు.’

“అది రాయాలా?” అన్నాను, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

“జరిగిందా లేదా?”

“జరిగింది.”

“మరి ఇంకేం?”

ఇంటికి వెళ్తూ ఆ చీటీలో చివరి మాట గురించే ఆలోచించాను. మూల పోయినందుకు సిగ్గుపడాలో, ఆ మాటకు పొంగిపోవాలో తేల్చుకోలేకపోయాను.

కొన్ని నెలల తర్వాత, వాన పడుతున్న మధ్యాహ్నం, అడుగు సొరుగులోంచి ఒక గడి తీసి నా ముందు పెట్టింది. పుస్తకంలా పొరలు పొరలుగా ఉన్న అభ్రకం. పాత మ్యూజియం చీటీ మీద వాలురాతలో నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ప్రపంచం ఈ చివర, వాన చప్పుడులో, మా జిల్లా పేరు. ఇలాంటప్పుడే నా నోరు ఎక్కువగా పనిచేస్తుంది.

“మా నాన్న గనిదే ఇది,” అన్నాను.

ఆ గని చాలా ఏళ్ళుగా నా నోట్లో ఉంది. పెళ్ళిచూపుల్లో చిన్నగా ఉండేది, ఆఫీసులో కాస్త పెరిగింది, సుజాతకు కథలు చెప్పే వేళకు దానికి లారీలు కూడా వచ్చాయి. ఐరిస్ ఆ వయసులో అంత చురుగ్గా లేవగలదని నేననుకోలేదు. కొత్త చీటీ తీసింది. సిరా తీసింది.

“గని పేరు చెప్పు. మీ నాన్న పేరు చెప్పు. గనివాళ్ళ నోటి మాట దీనితో ఒక్కటి కూడా లేదు రమణా, ఇన్నాళ్ళూ!”

పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ఏం చెప్పినా రాసేస్తుంది. కాదనే మనిషి ఈ భూమ్మీద లేడు. మేమిద్దరం పోయాక కూడా ఎవరో తెల్లదొర దాన్ని భక్తిగా చదువుకుంటాడు. అప్పుడు నాకు ఆ ఉప్పురాయి చీటీ గుర్తొచ్చింది. మా ఇంటి బయట ఈ ఊళ్ళో ఎవరైనా నన్ను స్నేహితుడు అన్నారంటే, ఆ చీటీలో ఒక్కచోటే.

“ఐరిస్, ఆ పెన్ను కింద పెట్టు.”

“ఎందుకు?”

“గని లేదు.”

“మూసేశారా?”

“మాకు ఎప్పుడూ లేదు.” ఒకసారి మొదలయ్యాక మిగతాది తనే వచ్చింది. “నాన్న గని గేటు దగ్గర కాపలా ఉండేవాడు. అమ్మ షెడ్డులో కూర్చుని రేకులు చీల్చేది. సాయంత్రం ఇంటికొస్తే చీర, జుట్టు, కనురెప్పలు కూడా మెరుస్తుండేవి. నా అన్నం డబ్బాలోనూ మెరుపులు పడేవి. బడిలో పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. అప్పుడు కట్టుకున్నాను ఆ గని.”

ఆవిడ పెన్ను పక్కన పెట్టి లేచింది. నన్ను ఇక రావద్దంటుందని అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి వెన్న పూసే చాకు తెచ్చింది. గడి అడుగున రాలిన పొలుసుల్లో కాస్త మందమైనది ఏరి నా చేతిలో పెట్టింది.

“ఎలా చీల్చేది?”

మొదటిసారి పాడుచేశాను. రెండోసారి అంచు దగ్గర చాకు మొన ఆనించి, అమ్మ చేసినట్టు, నెట్టకుండా తిప్పాను. రేకు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి విడిపోయింది. అవతల వాన కనిపించేంత పలచగా వచ్చింది.

“ఇప్పుడు రాయి,” అన్నాను. “మా అమ్మ షెడ్డు నుంచి వచ్చిందని.”

“వచ్చిందని తెలుసా?”

“నెల్లూరు జిల్లా అని ఉందిగా.”

“జిల్లా చిన్నదా, పెద్దదా?”

“పెద్దదే.”

“ఈ చీటీ రాసేనాటికి మీ అమ్మ పుట్టిందా?”

ఐరిస్ సిరా మూత బిగించేసింది. అబద్ధం రాయనందుకు నాకు బాధ లేదు. నిజం చెప్పినా రాయకపోవడం మాత్రం మనసులో గుచ్చుకుంది. అలిగి వారం పైనే వెళ్ళలేదు. ఫ్రిజ్ మళ్ళీ పాలతో నిండింది. చివరికి ఆవిడే గాలికి వంగి నడుచుకుంటూ, రేకు కాగితంలో చీజ్ రోల్స్ చుట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది.

“నువ్వు రాకపోతే ఆ సొరుగులు ఎవడు లాగుతాడు? నా భుజాలు పోయాయి,” అంది. ఈ వయసులో ఎవరమైనా ఒంటరితనాన్ని భుజాల మీదకో మోకాళ్ళ మీదకో తోసేస్తాం. నేను పాల మీదకి తోశాను.

ఆ తర్వాతి చలికాలం పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంది. వృద్ధుల హోమ్‌కి మారక తప్పలేదు. రాళ్ళన్నీ తీసుకుంటామని ఒక మ్యూజియం ఒప్పుకుంది. సర్దడానికి క్రైస్ట్‌చర్చ్ నుంచి మేనల్లుడొచ్చాడు. ఆవిడ చెప్పినట్టే మంచి పిల్లవాడు, అరవై ఏళ్ళుంటాయి. నేను వెళ్ళేసరికి మొదటి సొరుగు చీటీలన్నీ తీసి, సైజు ప్రకారం పేర్చి, రబ్బరు బ్యాండు వేస్తున్నాడు.

“ఆపండి!” అని అరిచాను. “వాటిని విడదీయడం చట్టప్రకారం నేరం. జైలు!”

పాపం, చేతులు పైకెత్తేశాడు. అలాంటి చట్టమేదీ నాకు తెలియదు. కానీ ఆ మధ్యాహ్నమంతా రాళ్ళ మీది అంకెలు చదువుతూ ఒక్కో చీటీని తిరిగి దాని రాయి పక్కకు చేర్చాం. హోమ్‌లో ఐరిస్‌కు చెబితే నవ్వి నవ్వి దగ్గొచ్చింది. “ఆ ఒక్క అబద్ధానికి నిన్ను వదిలేస్తాను,” అంది. తర్వాత దిండు పక్కనుంచి అట్టపెట్టె తీసి ఇచ్చింది. అభ్రకం. మ్యూజియంకి పంపకుండా ఆపుకున్నది అదొక్కటే.

“నీ చీటీ రాయడం మరిచిపోకు.”

చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా అడిగేది, రాశావా అని. రాశాననేవాణ్ణి. ఏం రాశావంటే అప్పటికప్పుడు ఏదో కల్పించేవాణ్ణి. ప్రతిసారీ వేరేగా చెబుతున్నానని ఆవిడకు తెలుసు. చివరిసారి అడగలేదు. నా చెయ్యి తిరగేసి వేళ్ళ చివర్లు చూసింది, మెరుస్తున్నాయేమోనని కాబోలు. ఆ వారంలోనే పోయింది. అంత్యక్రియల దగ్గర చీజ్ రోల్స్ పెట్టారు. నేను తినలేకపోయాను.

రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఆ చీటీ మీద నిజం రాస్తే, ఇంట్లో సుజాత చదువుతుంది. తనకు తెలిసిన తాతయ్యకు లారీలున్నాయి. నిన్న సాయంత్రం ఎందుకో, వీధిలో చెత్త డబ్బాలు దొర్లుతున్న చప్పుడు వింటూ, రాసేశాను. ‘రమణయ్య, ఇన్వర్‌కార్గిల్. ఐరిస్ ఇచ్చింది. నెల్లూరు జిల్లా అభ్రకం. ఏ గనిదో తెలియదు.’ చివరి మాట రాయడానికి పట్టినంతసేపు పైవన్నీ కలిపినా పట్టలేదు.

సుజాత పని నుంచి వచ్చి, బల్ల మీద చూసి, కోటు కూడా విప్పకుండా చదివింది.

“ఏంది నాన్నా ఇది? తాతయ్య గనిదే అని ఎన్నిసార్లు చెప్పావు! తెలియదంటావేంది?”

“కూర్చో,” అన్నాను. “ముందు వెన్న చాకు తీసుకురా.”

చాకు తెచ్చింది. పెట్టె అడుగున రాలిన పొలుసు తీసి ఇచ్చాను. చెప్పాల్సింది చెబుతూనే అంచు ఎక్కడ ఆనించాలో చూపించాను. లారీలు పోయినందుకు కోప్పడుతుందనుకున్నాను. “నాయనమ్మ కళ్ళలోకి పోయేది కాదా ఇది?” అని మాత్రం అడిగింది. పోయేదన్నాను. చాలాసేపు చీలుస్తూనే కూర్చుంది. అల్లుడొచ్చి అన్నం మాటెత్తేదాకా ఇద్దరం లేవలేదు.

నా చీటీలో సగం ఖాళీగానే ఉంచాను, తెలిసినవాళ్ళెవరైనా రాస్తారని. ఇప్పుడు కూడా ఎవరైనా ఏదైనా అడిగితే నోరు ముందు గనులు తవ్వడానికే బయలుదేరుతుంది. మధ్యలో ఎక్కడో ఐరిస్ పెన్ను ఆగి నిలబడుతుంది. ‘తెలియదు’ అంటున్నాను, ఒక్కోసారి. ఆ మాట అన్నాక గదిలో నేనొక్కణ్ణే ఉన్నట్టుండదు.

ఇందాక గ్లాసు తుడుస్తుంటే ఫోన్ మోగింది. సుజాత ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టింది: ‘నాన్నా, నా స్టీరింగ్ అంతా మెరుస్తోంది.’ ఇది నేను ఊది చెబుతున్నది కాదు. మెసేజ్ ఉంది, కావాలంటే చూపిస్తాను.