అవ్వ లేవలేదు

మూడేళ్ల నా కొడుకు ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పుడే నాకు భయం మొదలైంది. ఉరవకొండ దారిలో బస్సు చెడిపోయి గంట దాటింది. మే నెల ఎండకు వాడి ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

వెనక సీట్లోని తెల్లచీర అవ్వ లేచింది. "ఎత్తుకో తల్లీ. ఆ కనపడేది మా చర్చి. ఆడ నీళ్లుండాయి."

వాడిని చంకనేసుకుని, నా కూతురి చేయి పట్టుకుని ఆమె వెంట పరిగెత్తాను.

లోపల ఆరాధన జరుగుతోంది. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ల వైపు చాపమీద కూర్చున్నాం. అవ్వ వాడిని ఒళ్లో వేసుకుని తడికొంగుతో తుడుస్తూ, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించింది. పాస్టరు వాడి పేరడిగాడు.

"ఇప్పుడందరూ గట్టిగా ప్రార్థన చేస్తారు, బెదరొద్దు" అంది అవ్వ.

రేకుల కప్పు కింద అన్ని గొంతులూ ఒక్కసారే నా కొడుకు పేరెత్తాయి.

తర్వాత రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి పిలిచారు. తీర్థానికి పట్టినట్టు అరచేయి ముడుచుకుని నేనూ లేవబోయాను. అవ్వ నన్ను మెల్లగా కూర్చోబెట్టింది.

"అది బాప్తిస్మం తీసుకున్నోళ్లకమ్మా. కూర్చుంటే తప్పేం లేదు."

అందరూ ముందుకు వెళ్లారు. ఆమె లేవలేదు.

"నువ్వు పోవా అవ్వా?"

"నెలకొక్కతూరే ఇస్తారు. దీనికే పొద్దున్నించి పస్తుండి వచ్చినా. అయినా నిన్నొక్కదాన్నే ఈడ వదిలి యాడ పోయేది?" ఇంతలో ఆమె నవ్వింది. "ఉచ్చ పోసి చీర తడిపేసినాడు చూడు దొంగోడు! ఇంక భయం లేదులే."

మర్నాడు పొద్దున కూతురు అవ్వ పేరేమిటని అడిగింది. అడగనేలేదు నేను. "నిన్న ఆ అవ్వ తన ముద్ద వదులుకుని మన పక్కన కూర్చుంది" అని పిల్లలిద్దరికీ చెప్పాను.