టాంగీ పడిన చప్పుడు

మా టాంగీ వేదిక మీంచి కింద పడకుండా ఒక్క కచేరీ కూడా ముగించి ఎరగడు! పడటమంటే అలా ఇలా కాదు. గిటారు ఒకవైపు, టోపీ ఇంకోవైపు, తను జనం ఒళ్ళో. మాది 'చిల్లుల గొడుగులు' అనే రాక్ బృందం. వాడు పాడతాడు, ఎర్వే కీబోర్డు, ఈ మారివోన్, అంటే నేను, డ్రమ్ములు. ఫ్రాన్సు పడమటి తీరాన బ్రెటన్ ఊళ్ళన్నీ తిరిగేవాళ్ళం. జనం పాటల కోసం కాదు, వాడు పడేది చూడ్డానికి వచ్చేవారు.

"నీ కాళ్ళకేం రోగంరా?" అని అరిచేవాడు ఎర్వే.

"పాట నచ్చితే అవి ఆగవురా!" అనేవాడు టాంగీ, మోచేతికి కట్టు కట్టుకుంటూ.

ఆగస్టులో రోస్కోఫ్ అనే ఊళ్ళో, ఉల్లిపాయల సంతలో మధ్యాహ్నం కచేరీ. మా పాట వినడానికి పారిస్ నుంచి రికార్డు కంపెనీ పెద్దమనిషి వస్తున్నాడు. ఆరేళ్ళుగా ఎదురుచూసిన రోజు!

"ఇవాళ ఆయనకి నచ్చకపోతే నేను మా నాన్న చేపల పడవెక్కేస్తా" అన్నాడు ఎర్వే.

"విన్నావుగా? ఇవాళ గానీ పడ్డావో, చంపేస్తాను" అన్నాను టాంగీతో.

"మా అమ్మ అట్లపెనం మీద ఒట్టు! పడను."

ఎర్వే నమ్మలేదు. సంతలో జడలల్లి అమ్మే ఉల్లిపాయలు ఓ పెద్ద జడ కొని, వాడి నడుముకు చుట్టి, వేదిక గుంజకు కట్టేశాడు. ఇక జనం ఈలలే ఈలలు!

మొదటి పాట బ్రహ్మాండంగా సాగింది. రెండో పాట మధ్యలో, ఎప్పుడూ నా చేతులు తడబడే చోటే, తాళం తప్పింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. టాంగీ గిరుక్కున వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఒక్క గెంతు! జడ తెగింది, ఉల్లిపాయలు దొర్లాయి, వాడు వెళ్ళి ముందు వరుసలో కూర్చున్న ఎర్వే నాన్నగారి ఒళ్ళో పడ్డాడు, అదీ ఆయన తింటున్న అట్టు మీద. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆ సందులో నేను తాళం అందుకున్నాను.

అప్పటికి వెలిగింది నా మట్టిబుర్రకి. ఆరేళ్ళుగా వాడు పడుతున్నదంతా నేను తాళం తప్పినప్పుడే!

"ఎందుకురా నా కోసం ఇన్ని దెబ్బలు?" అన్నాను వేదిక దిగగానే. ఏడుపొచ్చేస్తోంది నాకు.

"నీ కోసమేంటి తల్లీ? ఉల్లిపాయల మీద జారాను."

"నువ్వు గెంతాకే కదరా అవి దొర్లాయి!"

"అయితే ముందే జారానేమో" అన్నాడు, టోపీ దులుపుకుంటూ.

పారిస్ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "నవ్వలేక చచ్చానండీ! వచ్చే వారమే రికార్డు చేద్దాం" అన్నాడు. ఎర్వే ఆయన్ని ఎత్తుకుని తిప్పేశాడు.

స్టూడియోలో టాంగీ పాడే గది వేరు, నా గది వేరు. "ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. పడక్కర్లేదు" అన్నాను ముందే. వాడు బుద్ధిగా తలూపాడు. రెండో పాటలో అదే చోట నా చేయి మళ్ళీ తడబడింది. పక్క గదిలోంచి ధడేల్మని చప్పుడు!

దాన్ని రికార్డులో అలాగే ఉంచేశారు. "ఆ దెబ్బ భలే కొట్టావు మారివోన్!" అని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు. ఆ పాట మొత్తంలో తాళంలో పడింది అదొక్కటే.