ఒంటి తుమ్ముకు భయపడి మింగిన మందులు

ఒక్క తుమ్ము ఆపడానికి మీరు ఎన్ని మందులు మింగుతారు? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. మా చిన్నాయన ఒకే పూటలో మూడు రకాలు మింగాడు.

ధర్మపురిలో ఆయనకు ఎండుమిరపకాయల మండీ ఉండేది. మిరప ఘాటుకు రోజంతా తుమ్ముతూనే బేరాలు చేసేవాడు. ఆ తుమ్ములు అపశకునమని ఏ బేరగాడూ వెనక్కి పోలేదు. ఆయన కూతురు, అంటే మా చెల్లెలి నిశ్చయం నాడు మాత్రం కథ మారింది. పక్కనున్న పాపారపట్టి నుంచి పెళ్లికొడుకు వాళ్లు వచ్చారు. చిన్నాయన తాంబూలం తట్ట ఎత్తాడు. హాచ్! ఒంటి తుమ్ము. పెళ్లికొడుకు అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. అందరూ కూర్చుని నీళ్లు తాగి లేచేసరికి రాహుకాలం వచ్చేసింది. ఇంకోసారి వస్తామని, అప్పుడూ తుమ్మితే సంబంధం వద్దని తెగేసి చెప్పి ఆ అవ్వ బస్సెక్కింది. మా చెల్లెలికి ఆ అబ్బాయంటే ఇష్టం. అన్నం కూడా ముట్టలేదు.

ఇది ఎనభైల నాటి మాట. సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడే వయసు నాది. "మిరపపొడికి పంచాంగం తెలుసా?" అని ఇంట్లోనూ మొదలుపెట్టాను.

"నీ మీటింగు బయట పెట్టుకోరా. ముందు నా కూతురి పెండ్లి కానీ," అంది చిన్నమ్మ.

వాళ్లు మళ్లీ వచ్చే రోజు పొద్దున్నే ఆమె చిన్నాయనకు అలర్జీ మాత్ర ఇచ్చింది. నమ్మకం చాలక, కాసేపటికి జలుబు టానిక్కు తాగించింది. ఆయనకు అదీ చాల్లేదు. ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకు పోయి ముక్కు దిబ్బడ క్యాప్సూల్ కొని మింగివచ్చాడు. ఆయనకు బీపీ ఉన్న సంగతి షాపువాడు అడగలేదు, ఈయన చెప్పలేదు.

మా దగ్గరి తుంబలహళ్లి ఆనకట్టకు తలుపులు దించినట్టు ముక్కు కారడం ఆగిపోయింది. నోరూ ఎండిపోయింది. చిన్నాయన తట్ట ఎత్తి, "మా పిల్లను..." అని, పెళ్లికొడుకు తండ్రి భుజం మీద వాలి గురక పెట్టాడు.

"ఏమ్మా, మీ ఆయనకు సంబంధం ఇష్టం లేదా?" భుజం కదల్చకుండానే అడిగాడు ఆ పెద్దమనిషి.

"ఇష్టమే అన్నా. సంతోషంతో కండ్లు మూసుకునినాడు."

"సంతోషానికి గురక వస్తుందా?"

పెళ్లికొడుకు అవ్వ ఒక్కతే తృప్తిగా ఉంది. "తుమ్మలేదు కదా, పండుకోనీ పాపం. తట్ట ఎవరిస్తారు మరి?"

మా చెల్లెలు లోపలి నుంచి వచ్చి తండ్రి వేళ్లలోంచి తట్ట లాగింది. "నేనే ఇస్తా, పట్టుకో మామా. నాయన లేచేలోపల రాహుకాలం వచ్చేస్తుంది."

ఒక భుజం ఖాళీగా లేదు కనుక పెళ్లికొడుకు తండ్రి ఒంటి చేత్తోనే అందుకున్నాడు. పిల్ల తన తాంబూలం తానే ఇచ్చుకుంది! నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో చిన్నాయన ఉలిక్కిపడి లేచి, గుండె పట్టుకున్నాడు.

"దడదడ అంటా ఉంది రా. డాక్టరు దగ్గరికి బండి తోలుకుని పోయొస్తా," అంటూ తాళం తీసుకుని మోపెడ్ వైపు నడిచి గోడకు గుద్దుకున్నాడు. తాళం లాక్కుని ఆటోలో తీసుకుపోయాను.

జరిగిందంతా, మింగిన మందుల పేర్లతో సహా విని, బీపీ చూసిన డాక్టరు మండిపడ్డాడు. "మూడింట్లోనూ ఉన్నది ఒకే అలర్జీ మందయ్యా! ఒక్కటి వేసుకుంటేనే నిద్ర ముంచుకొస్తుంది. క్యాప్సూల్లో ఉన్న రెండో మందు బీపీ పెంచుతుంది. ఈ స్థితిలో హైవే మీద బండి తోలుతావా?"

"అయినా తుమ్మలేదు కదా సార్," అన్నాడు చిన్నాయన. సాయంత్రం దాకా ఆయన్ను అక్కడే పడుకోబెట్టారు.

తుమ్ముకు జడిసే అవ్వను చూసి నవ్వే చదువుకున్నవాళ్లారా, రెండు మాత్రలు వేస్తే రెండింతలు గుణం వస్తుందని నమ్మే మీదీ మూఢనమ్మకమే. లేవండి. ఇంట్లో ఉన్న జలుబు మాత్రలూ టానిక్కులూ బల్ల మీద పరవండి. పెట్టె మీది పెద్దక్షరాలు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఒకే పేరు రెండింటి మీద కనిపిస్తే ఒకటి పక్కన పెట్టండి. బీపీయో గుండె జబ్బో ఉంటే డాక్టరును అడగందే ముక్కు దిబ్బడ మందు ముట్టకండి. వేసుకున్న రోజు బండి తాళం ఇంకొకరి చేతికివ్వండి. రేపు కాదు, ఇప్పుడే.