ఆగండిగారూ, పొగ తినే యంత్రమూ

ఆగండిగారికి కరెంటంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు తడిచేత్తో రేడియో వైరు పట్టుకుంటే షాకు కొట్టి, ఎగిరి వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. అప్పటినుంచి లైటు వెయ్యాలన్నా చెప్పులు తొడుక్కునేవాడు. అలాంటివాడికి చివరికి దొరికిన ఉద్యోగం, వేల వోల్టులు పారే యంత్రాన్ని కడిగి పెట్టడం.

ఆ యంత్రం ఉన్నది బొగ్గుల మీద మాంసం కాల్చి వడ్డించే పెద్ద హోటల్లో. వంటింటి పొగ బయటికి పోయే దారిలో ఇనప బీరువాలా నిలబడి ఉంటుంది. అందులోని సన్నటి తీగలు పొగలోని జిడ్డు నలుసులకు కరెంటు అంటిస్తాయి. వెనక వరసగా ఉన్న రేకులు ఆ నలుసుల్ని లాగి అతికించుకుంటాయి. బయటికి వెళ్లేది కడిగిన ముత్యంలాంటి గాలి. రేకులకు పట్టిన జిడ్డు మాత్రం ఆగండిగారి పాలు.

ముందు స్విచ్చు ఆపి, దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకునేవాడు. తరువాత ఊరికే కూర్చునేవాడు. ఆపిన తరువాత కూడా కరెంటు కాసేపు లోపల దాక్కుని ఉంటుందట. ఆ కాసేపూ గడిచాక ఎర్త్ తీగ కట్టిన కర్రతో లోపల తాకించి, మిగిలినదేమన్నా ఉంటే భూమిలోకి దింపేవాడు. సబ్బునీళ్లు చర్మాన్ని తినేస్తాయి, రేకుల అంచులు బ్లేడుల్లా కోస్తాయి కాబట్టి చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకునేవాడు. కడిగిన రేకుల్ని డాబా మీద చుక్క తడి లేకుండా ఆరబెట్టేవాడు. మధ్యలో ఎవరు తొందరపెట్టినా ఒకటే మాట, “ఆగండి.” ఆ మాటే ఆయన పేరై స్థిరపడిపోయింది.

“వేల వోల్టులతో ఆడుకుంటాడండీ, ఉక్కు గుండె!” అని యజమాని అతిథులకు చూపించేవాడు. ఆగండిగారు సిగ్గుపడి నవ్వేవాడు. ఇంట్లో బల్బు మార్చేది భార్యేనని ఆయన ఎవరికీ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు.

గుండెధైర్యమంతా ఆవిడ తమ్ముడిది. అదే హోటల్లో వడ్డన చూసుకునేవాడు. “బావా, నువ్వు యంత్రం కడుగుతున్నావా, పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నావా?” అని అందరి ముందూ ఆటపట్టించేవాడు.

ఒకరోజు ఊళ్లో పెద్దమనుషులు మర్నాటి విందును ఆ సాయంత్రానికే ముందుకు జరిపారు. సరిగ్గా అప్పుడు రేకులన్నీ డాబా మీద ఉన్నాయి. పైగా మబ్బు.

“ఇంకెంతసేపయ్యా?” అన్నాడు యజమాని.

“తడి ఉందండీ. అలాగే పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆగండి.”

“నేను ఆగుతాను, అతిథులు ఆగుతారా?”

“పొయ్యి వెలిగించకండి. ఈ పూటకు చల్లటివేవన్నా పెడదాం.”

హోటలే అమ్మేయమని ఎవరో తనతో అన్నట్టు చూశాడు యజమాని. బావమరిది ముందుకొచ్చాడు. “మా బావకి ప్రతిదానికీ భయమేనండీ. నేను చూసుకుంటాను.”

ఆగండిగారు ఫ్యాను గాలికైనా ఆరతాయేమోనని టేబుల్ ఫ్యాను కోసం వెళ్లాడు. తిరిగొచ్చేసరికి డాబా ఖాళీ. కిందికి పరుగెత్తాడు. యజమాని సొరుగులోని రెండో తాళంచెవి బావమరిది చేతిలో ఉంది, రేకులు బీరువాలో ఉన్నాయి.

“ఒరే, ఆగరా!”

స్విచ్చు పడింది. నూనెలో ఆవాలు వేసినట్టు లోపల చిటపటమంది. తరువాత ఢామ్మంది. హోటలంతా చీకటి. పొగను లాగే ఫ్యాను కూడా ఆగిపోవడంతో, పొగ తిన్నగా అతిథుల దగ్గరికే బయల్దేరింది. బావమరిది నేలమీద కూలబడ్డాడు. ఒంటిమీద గీత పడలేదు కానీ స్విచ్చుకు దూరంగా పాక్కుంటూ పోయాడు.

చిన్నప్పటి ఆ భయమే ఆగండిగారిని నడిపించింది. మెయిన్ ఆపి తాళం వేశాడు. “యంత్రం మీద నీళ్లు పొయ్యకండి! బొగ్గుల మీద మూతలు పెట్టండి!” అని వంటవాళ్లను కేకేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాడు.

యజమాని క్షమాపణలు వల్లించుకుంటూ కొవ్వొత్తితో హాల్లోకి వెళ్లాడు. అతిథుల్లో అందరికన్నా పెద్దాయన కళ్లు మూసుకుని గాలి పీలుస్తున్నాడు. “ఎన్నాళ్లయిందయ్యా ఈ వాసన తగిలి! మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది,” అని కళ్లు తుడుచుకున్నాడు. తక్కినవాళ్లూ తుడుచుకున్నారు. ఎవరిది జ్ఞాపకమో, ఎవరిది పొగో చీకట్లో ఎవరడిగారు?

యజమాని క్షమాపణను గుటకవేసి మింగేశాడు. “తమరి కోసమే ప్రత్యేకంగా ఏర్పాటు చేయించామండీ.”

వారం తిరక్కుండా గుమ్మం ముందు ‘పొగ విందు’ అని బోర్డు వెలిసింది. తెగిన తీగలు మార్చి, రేకులు ఆరబెట్టి ఆగండిగారు యంత్రాన్ని బాగుచేశాడు. బాగైన యంత్రాన్ని వారానికో సాయంత్రం ఆపేయమన్నారు. ఇంత గొప్ప ఆలోచన ఎవరిదని వెతికితే బావమరిదిదని తేలింది. వాడు సూపర్‌వైజరయ్యాడు. కొత్తగా చేరినవాళ్లకు యంత్రం గురించి పాఠం కూడా వాడే చెబుతున్నాడు. “తొందరపడకండి, ఆగండి, ఆరనివ్వండి,” అంటాడు, తనే కనిపెట్టినట్టు. చెప్పేది మాత్రం బీరువాకు ఆమడ దూరంలో నిలబడి.

ఆగండిగారికి ఒళ్లు మండింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

“మీ మాటే కదా చెబుతున్నాడు, చెప్పనివ్వండి,” అంది భార్య. “వాడు మొన్న మనింటికొచ్చి, ‘అక్కా, కాస్త నా ఫోను చార్జింగుకి పెట్టవా’ అన్నాడు. ప్లగ్గు ముట్టుకోలేకపోతున్నాడండీ. ఆ రోజు వాడికేమన్నా అయ్యుంటే మీరు ఎవరి మీద అలిగేవారు?”

ఆయన పక్కకు నెట్టిన కంచాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నాడు. “పులుసు వెయ్యి,” అన్నాడు.

పొగ విందుకు జనం విరగబడ్డారు. యంత్రం తినని జిడ్డంతా హాల్లోని కిటికీ తెరలు తినడం మొదలుపెట్టాయి. వాటిని ఉతికే పని కూడా ఆగండిగారి మీదే పడింది. ఆయన కిక్కురుమనలేదు. తెరల్లో కరెంటుండదు కదా.

“తెరలు ఉతికే రోజు మా ఆయన పనిలోకి ఈల వేసుకుంటూ వెళతాడమ్మా,” అని భార్య పక్కింటావిడతో చెప్పింది.