తాళం వేసిన ఇంట్లో జొన్నరొట్టె వాసన

కరెంటు స్తంభాలెక్కి బతికినవాణ్ణి. దయ్యాల గురించి ఆలోచించే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ళలో లైన్‌మెన్‌గా పనిచేశాను. "ఆ ఇంట్లో లైట్లు వాటంతటవే వెలిగి ఆరిపోతున్నాయి, ఏదో ఉంది" అని జనం పిలిస్తే వెళ్ళేవాణ్ణి. ఒకచోట వదులైన తీగ, ఒకచోట ఎలుక కొరికిన వైరు, ఇంకోచోట వాన నీళ్ళు దిగిన స్విచ్చిబోర్డు. అంతకుమించి నాకెక్కడా ఏదీ కనబడలేదు. శ్మశానం పక్కన ట్రాన్స్‌ఫార్మరు చెడిపోతే ఒక్కణ్ణే పోయి బాగుచేసి వచ్చాను. ఇది చెబుతున్నవాడు అలాంటివాడని మీకు తెలియాలి, అందుకే ఇదంతా.

నా భార్య పేరు సత్తెమ్మ. ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఊళ్ళో ఇంటికొకరికి షుగర్ పట్టుకున్నాక ఆమె గిరాకీ బాగా పెరిగింది. సాయంత్రమయ్యేసరికి మా గేటు ముందు మోటారు సైకిళ్ళు ఆగేవి. ఇంట్లో గ్యాసు ఉన్నా దానిమీద చాయ్ తప్ప ఏమీ పెట్టేది కాదు. రొట్టె అంటే మట్టి పొయ్యి మీదే. పొయ్యిలోకి కందికట్టె. చేను కోతలయ్యాక వాళ్ళ తమ్ముడు ట్రాక్టరులో వేసి పంపేవాడు, ఏడాది పొడవునా అదే వాడేది.

కరోనా తగ్గిన తర్వాతి ఏడు, ఒక పొద్దున పిండికి ఎసరు పెట్టి, గుండె పట్టుకుని కూర్చుంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

మాకు ఒక్కతే బిడ్డ, మంజుల. నల్గొండలో ఉంటుంది. అల్లుడు ఆటో నడిపేవాడు. సత్తెమ్మ పోయిన మరుసటి ఏడు ఆటో తిరగబడి అతని కుడికాలు దెబ్బతింది. నడుస్తాడు గానీ బ్రేకు తొక్కలేడు. ఏదైనా చిన్న దుకాణం పెట్టించాలి. నా దగ్గర ఉన్నదల్లా దేవరకొండలోని ఆ ఇల్లే. అల్లుడు వద్దన్నాడు. నేనే పట్టుబట్టి అమ్మకానికి పెట్టాను.

ఊళ్ళో ఇళ్ళు అమ్మించే ఖాజా భాయ్ నాకు పాత దోస్తు. వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. వంటింట్లో ఆగిపోయాడు.

"లింగన్నా, ఇల్లు మంచిదే. గానీ కొనేటోళ్ళు ముందుగాల చూసేది గీ వంటిల్లే. గా నల్లగోడ, గా పొయ్యి చూస్తే ఎవ్వడు బయానా ఇయ్యడు."

ఆయన చెప్పింది నిజమే. పొయ్యి మీది గోడ పైకప్పు దాకా కాటుకలా ఉంది.

పని మొదలుపెట్టాం. పొయ్యి నేనే తవ్వాను. ఎన్నేళ్ళుగానో కాలి కాలి ఇటుకలా గట్టిపడింది, గడ్డపార తగిలితే టంగుమంది. ఆ మట్టిపెళ్ళల్ని పెరట్లో పోశాను. మసి గీకించి, లప్పం పెట్టించి, తెల్ల రంగు వేయించాను. మూడోనాడే గోడ మీద గోధుమరంగు మరక తేలింది. చూసినవాళ్ళు గుసగుసలాడారు గానీ నేనది లెక్కలోకి తీసుకోలేదు. మసి పట్టిన గోడకు సరైన ప్రైమరు వేయకపోతే అలాగే ఊరుతుంది. పెయింటరు మళ్ళీ గీకి, నూనె ప్రైమరు కొట్టాడు. మరక మళ్ళీ రాలేదు. ఇలా కారణం తెలిసినవేవీ నేనిక్కడ చెప్పదలచుకోలేదు.

పొయ్యి ఉన్నచోట నల్లరాతి బండతో గట్టు కట్టించాను. గోడకు తెల్ల టైల్స్, స్టీలు సింకు. కిటికీకి కొత్త జాలీ. వైరింగు నేనే మార్చాను. గోడల నిండా ఉన్న మేకులు పీకేసి, నేలకు రాసుకునే తలుపును చిత్రిక పట్టించి, గేటు దగ్గర బంతి మొక్కల కుండీలు పెట్టాను. సామాను మంజుల ఇంటికి కొంత, సత్తెమ్మ తమ్ముడి ఇంటికి కొంత పంపాను. ఖాళీ ఇల్లయితే పెద్దగా కనబడుతుందని ఖాజా భాయ్ అంటే, బస్టాండు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని నేను కూడా అందులోకి మారిపోయాను.

అంటే ఇంట్లో పొయ్యి లేదు. గ్యాసు బండ లేదు. అగ్గిపెట్టె కూడా లేదు. తాళంచెవి నా జేబులో ఉంది.

ముందుగా ఒక బడి పంతులుగారు, ఆయన భార్య వచ్చారు. నేను తాళం తీసి కిటికీలు తెరుస్తున్నాను. ఆమె నేరుగా వంటింటి వైపు వెళ్ళి, గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగింది.

"అన్నా, పొయ్యి మీద రొట్టె ఏసి మరిచిపోయిన్రా? జర చూసుకోండ్రి."

పక్కింటివాళ్ళు చేస్తున్నారేమో అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. మాకు ఒకవైపు తుమ్మచెట్లు మొలిచిన ఖాళీ ప్లాటు. రెండోవైపు ఎరువుల గోదాము. గాలి పీల్చి చూశాను. కొత్త రంగు వాసన తప్ప నాకేమీ రాలేదు. ఆమె భర్త మాత్రం, "మంచి వాసన, ఆకలైతాంది" అని నవ్వాడు. వాళ్ళకు ఇల్లు నచ్చింది గానీ బడికి దూరమని వదులుకున్నారు.

దాన్ని నేను పట్టించుకోలేదు. తర్వాత వచ్చినవాళ్ళూ అదే అన్నారు. ఆ తర్వాతివాళ్ళూ అదే.

నన్ను ఆలోచనలో పడేసింది చింతపల్లి వైపునుంచి వచ్చిన ఒక ముసలి రైతు. కొడుకు కోసం ఇల్లు చూడ్డానికి వచ్చాడు. వంటింట్లో నిలబడి, కళ్ళు మూసుకుని, "గ్యాసు మీద కాల్చింది కాదిది. కందికట్టె మంట. ఎక్కడ చేస్తున్నరు?" అని అడిగాడు.

నేను ఆయనకు సత్తెమ్మ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఖాజా భాయ్ కూడా చెప్పలేదని ఒట్టేశాడు. టౌనులో ఇప్పుడు కందికట్టె కాల్చేవాళ్ళే లేరు.

ఆ సాయంత్రమే నేను బస్టాండు ముందు రొట్టెలు చేసే ఆమె దగ్గరికి వెళ్ళాను. రోడ్డుకు ఇవతల ఉండగానే వాసన నా ముక్కుకు తగిలింది. అయినా తృప్తి కాక నల్గొండ వెళ్ళి ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. కరోనా అప్పుడు నాకు వాసన పోయి మళ్ళీ వచ్చింది, అందులో ఏమైనా తేడా మిగిలిందేమోనని. అంతా బాగుందన్నాడు.

మంజులకు ఫోనులో చెబితే నమ్మలేదు. బాపు ఒంటరిగా ఉండి ఏదేదో ఊహించుకుంటున్నాడనుకుంది. ఒక ఆదివారం తానే వచ్చింది. ఆ రోజు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకామె, మంజుల పక్కనే నిలబడి, "రొట్టెలు మస్తు వాసనొస్తున్నయి గదా అక్కా" అంది. మంజుల నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆపుకుని, తర్వాత కొత్త గట్టు మీద రెండు చేతులూ పెట్టి ఏడ్చింది.

"పరాయోళ్ళకొచ్చే వాసన నాకెందుకొస్తలేదు బాపు? నేనేం చేసిన అమ్మకు?"

నాక్కూడా వస్తలేదు బిడ్డా, అన్నాను. అంతకంటే ధైర్యం చెప్పడం చేతకాలేదు.

ఆ తర్వాత ఖాజా భాయ్, సత్తెమ్మ తమ్ముడు, ఎరువుల గోదాము హమాలీలు, అందరినీ తీసుకెళ్ళి చూశాను. ఎవరికీ రాలేదు. వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతి రొట్టె తిన్నవాళ్ళే. వాసన వచ్చినవాళ్ళెవరూ తినలేదు. నేను గమనించింది ఇంతే. ఇది కారణమని అనడం లేదు.

మొదట్లో ఈ వాసన వల్ల మేలే జరుగుతుందనుకున్నాం. వచ్చినవాళ్ళు మొహం విప్పి మాట్లాడేవారు. బట్టల దుకాణం నడిపే ఒకాయన బయానాగా కొంత డబ్బు కూడా ఇచ్చాడు. కొలతలు తీసుకోవడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పెద్దామె వంటింట్లో అటూ ఇటూ చూసింది. గట్టు మీద ఏమీ లేదు. ఇంట్లో ఎవరూ లేరు. వాసన ఎక్కడిదని నన్ను అడిగింది. అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. నా భార్య ఇక్కడే రొట్టెలు చేసేదని చెప్పాను.

"ఇంకేంది! గామె ఇంక పొయ్యి కాడనే ఉన్నది" అని చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. వారం తిరక్కుండా బయానా వెనక్కి తీసుకున్నారు.

ఇక మాట పాకిపోయింది. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆగిపోయారు. నల్గొండలో అల్లుడికి చూసిపెట్టిన దుకాణం జాగాను దాని ఓనరు ఇంకొకరికి ఇస్తానంటున్నాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. ఇల్లంతా ఫినాయిలుతో కడిగించాను. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేశాను. ఆ వాసన ఒక్కసారి నా ముక్కుకు సోకితే చాలని పడిగాపులు పడుతున్నవాణ్ణి, దాన్నే తరిమేయడానికి ఒళ్ళు వంచి పనిచేశాను. తనకు తెలిసిన మంత్రగాడు ఒకడు ఉన్నాడని ఖాజా భాయ్ అన్నాడు. దానికి మాత్రం ఒప్పుకోలేదు.

"ఆమె అయితే ఎల్లగొట్టుడెందుకు? ఆమె కాకపోతే మంత్రమెందుకు?" అన్నాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చలికాలం పోయి ఎండలు ముదురుతుండగా జరీనా వచ్చింది. బట్టలు కుడుతుంది. భర్త ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాడు. పెళ్ళైనప్పటినుంచీ కిరాయి ఇళ్ళలోనే ఉన్నారట. మిర్యాలగూడ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, మా సంగతి తెలియదు. ఈసారి తాళం తీయకముందే గేటు దగ్గర నిలబెట్టి అంతా చెప్పేశాను.

జరీనా లోపలికి వెళ్ళింది. వంటింట్లో చాలాసేపు ఉంది. ఫినాయిలు, సాంబ్రాణి వాసనలు నాకే గుప్పుమంటున్నాయి. బయటికి వచ్చాక అడిగాను.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది అన్నా. ఆకలి పుట్టే ఇల్లు మంచిదే గదా. భయమెందుకు?"

భర్త కొంచెం తటపటాయించాడు. ఆమె వినలేదు. నెల తిరిగేలోపు రిజిస్ట్రేషన్ అయిపోయింది. అల్లుడికి దుకాణం దొరికింది. ఇప్పుడు పంపులు, పైపుల సామాను అమ్ముతాడు. నేను వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే దీన్ని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

మొన్న వానాకాలంలో జరీనా ఫోను చేసింది. కరెంటు మీటరు ఇంకా నా పేరు మీదే ఉందని, మార్పించడానికి ఒకసారి రమ్మని. పెద్దవాణ్ణని మధ్యాహ్నం భోజనానికి కూడా పిలిచింది. వెళ్ళాను. బంతి మొక్కల కుండీల్లో పుదీనా వేసుకున్నారు. ముందు గదిలో కుట్టుమిషను. మంచం మీద వాళ్ళ అత్తమ్మ కూర్చుని ఉంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పి లోపల కాలు పెట్టాను. జరీనా, భర్త, అత్తమ్మ, ముగ్గురూ ఒక్కసారే వంటింటి వైపు తల తిప్పారు.

"ఇప్పుడు వస్తాందా?" అన్నాను.

"వస్తాంది. మీకు?"

నాకు వాళ్ళింటి అన్నం, కొత్తిమీర వాసన వస్తోంది. లేదన్నాను. అత్తమ్మ మంచం మీద కొంచెం జరిగి, వంటింటి గుమ్మానికి దగ్గరగా నాకు చోటిచ్చింది. అక్కడ కూర్చున్నాను. ఎట్లా వస్తుందమ్మా, రోజూనా, ఎప్పుడెప్పుడు, అని జరీనాను అడిగాను. దూరదేశం నుంచి వచ్చినవాళ్ళను పట్టుకుని మనవాళ్ళ క్షేమం అడిగినట్టు అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. రోజూ రాదట. వచ్చిన రోజు ఇంట్లో అందరికీ వస్తుందట. పిల్లలు ఆ రోజు రొట్టె కావాలని మారాం చేస్తే ఆమె నేర్చుకుని చేస్తోందట, గుండ్రంగా రావడం లేదట.

తర్వాత, "గానీ ఇయ్యాల వేరేగ ఉన్నది అన్నా" అంది.

"ఎట్ల?"

"ఎన్నడు మాడిన వాసన రాలే. ఇయ్యాల మీరు లోపటికి కాలు వెట్టంగనే మాడింది. పెంక మీద రొట్టె ఇడిసిపెట్టి లేసి పోయినట్టు."

నేను డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పితే, సత్తెమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి నీళ్ళ చెంబు తెచ్చేది. అప్పుడు పెనం మీద ఉన్న రొట్టె రోజూ మాడేది. గిరాకీకి అమ్మడానికి పనికిరాదని దాన్ని నాకే పెట్టేది. ఇది మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. మంజులకు కూడా తెలియదు.

జరీనాకు నేను చెప్పలేదు. ఆమె లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. తాగాను.

వైరు ఎక్కడ వదులైందో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ఇందులో మాత్రం ఎంత వెతికినా నాకు చిక్కలేదు. ఆ వాసన ఏమిటో, మా వాళ్ళెవరికీ ఎందుకు రాదో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నంతసేపూ గాలి పీలుస్తూనే ఉన్నాను. నాకేమీ రాలేదు.